వాగు నడిమధ్య గీత

వంతెనకు అడ్డంగా కట్టిన నారింజరంగు ప్లాస్టిక్ వల ఎండకూ వానకూ వెలిసిపోయింది. కట్టిన కొత్తలో పెళ్లిపందిరి బట్టలా మెరిసేది. దాని మీద వేలాడదీసిన బోర్డు మాత్రం చెక్కు చెదరలేదు. తాత్కాలికంగా మూసివేయడమైనది, అని. ఈ తాత్కాలికం అనే మాట మీద నాకు చాలా పాత కోపం ఉంది. నేను పుట్టిన తాలూకాలో తహసీల్దారు ఆఫీసును తాత్కాలికంగా ఒక పెంకుటింట్లో పెట్టారు. నాకు మీసం రాకముందు పెట్టారు, మీసం తెల్లబడ్డాక కూడా అది అందులోనే ఉంది.

మేముండేది ఇప్పుడు పరాయి దేశంలో, పామర్‌స్టన్ నార్త్‌కు ఎడంగా, గొర్రెల పొలాల మధ్య ఒక చిన్న ఊరు. మా అమ్మాయి ఆ పట్నంలో నర్సు. అద్దెలు తక్కువని ఇక్కడ ఇల్లు తీసుకుంది. ఊరి చివర నది. నది మీద మనుషులు నడిచిపోవడానికి ఇనుపతీగలతో వేలాడదీసిన వంతెన. అవతలి ఒడ్డున ఒక తోట, తోట వెనక ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్. నా భార్య అందులో ఉంటుంది.

ఆమెకు మతిమరుపు జబ్బు. పొయ్యి వెలిగించి మరిచిపోవడం దాకా ఎలాగో నెట్టుకొచ్చాం. ఒకరోజు అమ్మాయి డ్యూటీలో ఉండగా, నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి, ఈవిడ చెప్పులు లేకుండా నది ఒడ్డున నీళ్లలోకి దిగబోతూ కనిపించింది. ఇక లాభం లేదని అక్కడ చేర్చాం. ఈ ఒడ్డున అలాంటి హోమ్ లేదు.

వంతెన ఉన్నన్నాళ్లూ పెద్ద బాధ అనిపించలేదు. రోజూ పదకొండయ్యేసరికి అన్నం, చారు, ఏదో ఒక కూర క్యారేజీలో సర్దుకుని వంతెన దాటేవాణ్ణి. హోమ్ వాళ్లు పెట్టే మెత్తటి బంగాళాదుంప ముద్ద ఆమె ముట్టదు. నేను కలిపి పెడితేనే నోరు తెరుస్తుంది. అదీ ఊరికే తెరవదు. ముందు నన్ను కింది నుంచి పైదాకా చూసి అడుగుతుంది, "వాగు తగ్గిందా?"

"తగ్గింది. మోకాలిలోతు కూడా లేదు."

అప్పుడు తింటుంది.

చలికాలంలో వచ్చిన వరదకు వంతెన తీగలను పట్టి ఉంచే దిమ్మ ఒకటి అవతలి ఒడ్డున ఒరిగిపోయింది. మర్నాడే వల కట్టేశారు. కారులో పోవాలంటే పైన హైవే వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. బస్సు లేదు. నాకు డ్రైవింగ్ రాదు. టాక్సీ పామర్‌స్టన్ నార్త్ నుంచి రావాలి. అమ్మాయికి ఆఫ్ ఉన్న రోజున తీసుకుపోతుంది, లేని రోజున లేదు. లేని రోజున ఆవిడ నోరు తెరవదు. మనిషి తగ్గిపోతోందని, ఇలాగే ఉంటే ఆసుపత్రికి మార్చి గొట్టంతో తిండి ఎక్కించే సంగతి ఆలోచించాలని అక్కడి డాక్టరు మా అమ్మాయితో చెప్పాడు. అమ్మాయి నాకు ఆ మాట కూర తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

వాగు అంటే ఆమె దృష్టిలో ఈ నది కాదు.

గోదావరికి ఉత్తరాన కొండల్లో ఉంది మా తాలూకా. ఏజెన్సీ అనేవారు. పటంలో చూస్తే ఇంకా చొక్కాకు అతకని చెయ్యిలా పొడుగ్గా, ఒక చివర ఇరుగ్గా ఉండేది. నేను దర్జీని గనక నాకు అలాగే కనిపించేది. మణికట్టు దగ్గర తహసీల్దారు కచేరీ, పోలీసుస్టేషను, సంత. భుజం దగ్గర ఊళ్లు, వెదురు, చింతచెట్లు, పోడు చేలు. పూర్వం దొరల బంగళాకు గాలి బాగా తగులుతుందని ఆ చివర పెట్టారట, బంగళా ఉందని కచేరీ అక్కడే పెట్టారు, కచేరీ ఉందని తక్కినవన్నీ అక్కడే వచ్చాయి. భుజం దగ్గరివాడు ఒక సర్టిఫికెట్టుకు రావాలంటే తెల్లవారకముందు సద్ది కట్టుకుని బయలుదేరాలి. వచ్చాక సారు మకాంలో ఉన్నారంటారు. సారు ఏ మకాంలోనూ లేడు, మైదానంలో సొంత ఇంట్లో ఉన్నాడు. మా కొండజ్వరం అంటే వాళ్లకు అంత భయం. మా తాలూకాకు బదిలీ అయ్యాడంటే ఎవరితోనో తగువు పెట్టుకున్నాడనే అర్థం. అందుకని మా దగ్గర ప్రభుత్వం వారానికి ఒక రోజు ఉండేది, సంత రోజున. ఆ రోజు కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు, తహసీల్దారు, అన్నీ దొరికేవి.

నా కుట్టుమిషను సంతలో కచేరీకి ఎదురుగా ఉండేది. నేను బడికి పోలేదు. బంట్రోతులకు ఖాకీలు కుట్టి, కూలికి బదులు అక్షరాలు చెప్పించుకున్నాను. కచేరీలో చెత్తకింద పారేసిన గెజిట్లు తెచ్చి, గుడ్డ కత్తిరించేటప్పుడు కింద పరుచుకునేవాణ్ణి. పరిచే ముందు చదివేవాణ్ణి. ఏ ఊరు తాలూకాలోని ఏ ఫిర్కాలోకి పోయింది, ఏ హద్దు ఎక్కడికి జరిగింది, అన్నీ అలా చదివినవే. చదివినకొద్దీ ఒళ్లు మండేది. అప్పటి మంట ఇంకా ఆరలేదు.

తాలూకా నడుమ ఒక వాగు. వేసవిలో చూస్తే ఇది వాగా అంటారు, రాళ్లమధ్య చీరకుచ్చెళ్లలా నాలుగు పాయలు. వానలు పట్టాయంటే ఏనుగునైనా దొర్లించుకుపోతుంది. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు అది రెండు ఫిర్కాల మధ్య హద్దు. దాని మీద చప్టా కట్టమని పెద్దలు అర్జీ పెట్టుకుంటే, ఈ ఫిర్కా ఇన్‌స్పెక్టరు అది ఆ ఫిర్కాలోకి వస్తుందన్నాడు, ఆ ఇన్‌స్పెక్టరు ఇదే మాట తిప్పి చెప్పాడు. తరవాత తాలూకాను రెండు చేశారు. గీత వాగులోనే. అప్పుడు ఇద్దరు తహసీల్దార్లు. తరవాత మండలాలు వచ్చాయి. మళ్లీ గీత వాగులోనే. మొన్నమొన్న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆ గీత ఏకంగా రెండు జిల్లాల మధ్య గీత అయి కూర్చుంది. చప్టా కావాలంటే ఇప్పుడు ఇద్దరు కలెక్టర్లు ఒకచోట కూర్చోవాలి. గీతకు ఒకదాని మీద ఒకటి ప్రమోషన్లు వచ్చాయి. వాగు మీద ఒక్క రాయి పడలేదు. పటం గీసేవాడికి వాగు కంటే సులువైన హద్దు దొరకదు గదా, దేవుడే గీసి పెట్టాడనుకుంటాడు. వాగుకు ఇటూ అటూ ఉన్నవాళ్లు ఒక్క ఊరివాళ్లలాగే బతుకుతారని, పిల్లనిచ్చి పుచ్చుకుంటారని, ఒకే గుడిసె చర్చికి పోతారని అతనికి ఎవరు చెప్పాలి?

నా భార్యది అవతలి ఒడ్డు.

వాగు పొంగి దారి లేనప్పుడు మావాళ్లు కూత వేసుకునేవారు. నోటికి చేతులు అడ్డం పెట్టి "హూ...య్" అని. ఆ కూతలో అంతా చివరనే ఉంటుంది. చివర పైకి లేపితే అందరం క్షేమం అని. చివర కిందికి దించితే కబురుంది, రేవు దగ్గరికి దిగి రా అని. చావో, పురుడో, జ్వరమో రేవు దగ్గర నిలబడి అరిచి చెప్పుకునేవారు. కచేరీ కాగితాలు వాగు దగ్గర ఆగిపోయేవి గాని కూత ఆగేది కాదు.

మాకు సంబంధం కుదిరి, వానలు తగ్గాక పెళ్లి అనుకున్న ఏడు, ఒక మధ్యాహ్నం అవతలి నుంచి ఆడగొంతుతో కూత వచ్చింది. చివర దించి ఉంది. కత్తెర అక్కడే పడేసి రేవుకు పరుగెత్తాను. అవతల ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"ఏమైంది? ఎవరికేమైంది?" అని అరిచాను.

"ఏం కాలేదు!" అని అరిచింది. "నువ్వు పరిగెత్తగలవో లేదో చూద్దామని!"

మా మామ వినకూడదని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అంతటి తప్పుడు కూత మా వాగు మీద అంతకుముందు ఎవరూ వెయ్యలేదు. వానలు తగ్గేదాకా ఆమె ఆ పని మళ్లీ మళ్లీ చేసింది. ప్రతిసారీ అబద్ధమే అనుకుంటూనే పరుగెత్తాను. నిజమైతేనో అని.

ఇక్కడి సంగతికి వస్తాను. వంతెన మూసేసి నెలలు గడిచాక మా అమ్మాయి కనుక్కుని వచ్చింది. ఇక్కడ కౌన్సిల్ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిది. ఈ ఒడ్డు ఒక కౌన్సిల్ కింద, ఆ ఒడ్డు ఇంకో కౌన్సిల్ కింద. హద్దు నది నడిమధ్య. ఇంత సముద్రం దాటి వచ్చానే, ఆ గీత నాకంటే ముందే వచ్చి కూర్చుందా అనిపించింది.

అవతలి కౌన్సిల్‌కు రాస్తే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఇవతలి కౌన్సిల్ మాత్రం ప్రజలు చెప్పుకునేది వినడానికి ఒక రోజు పెట్టింది. ఎవరైనా పేరిచ్చి, కాసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడవచ్చునట. ఇది బాగుంది అనుకున్నాను. మా దగ్గర కచేరీ మెట్ల కింద నిలబడాలి.

ఆ రోజు పొద్దున నేను చేసిన పని నాకే ఇప్పటికీ మింగుడు పడదు. మా నాన్న తహసీల్దారు దగ్గరికి ఎప్పుడు పోయినా నిమ్మపళ్లు పట్టుకుపోయేవాడు. వట్టి చేతుల్తో అధికారి ముందు నిలబడకూడదని. రెండు చేతుల్లో పళ్లు పెట్టుకుని, నడుం వంచి, పైగుడ్డ తీసి చంకలో పెట్టుకుని. ఆ వంగడం చూసి నేను ఈ జన్మలో ఎవరికీ నిమ్మకాయ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి, బయలుదేరబోతూ పెరట్లోకి పోయి, అద్దింటి నిమ్మచెట్టు కాయలు సంచీలోకి కోశాను. నా చేతులు వాటంతట అవే కోశాయి.

కారులో అమ్మాయి సంచీ చూసింది. నైట్ డ్యూటీ చేసి నేరుగా వచ్చింది, నర్సు బట్టల్లోనే ఉంది.

"నాన్నా, ఆ సంచీలో ఏంటి?"

"నిమ్మకాయలు."

"ఎవరికి?"

"వాళ్లకే."

"కౌన్సిల్ వాళ్లకా! నాన్నా, ప్లీజ్. లంచం అనుకుంటారు."

"నిమ్మకాయ లంచమేమిటే? లంచమంటే ఎలా ఉంటుందో నేను చూశాను. అది పుల్లగా ఉండదు."

ఆవలిస్తూనే నవ్వింది.

హాల్లో ముందు ఇక్కడి మూలవాసులైన మావోరీల మాటల్లో ప్రార్థన చదివారు. నాకంటే ముందు ఒక మావోరీ పెద్దాయన మాట్లాడాడు. నదికి రెండు ఒడ్డులే గాని రెండు నదులు లేవు అన్నాడు. నేను కూర్చున్నచోటే తల ఊపాను. ఆయన కూడా అలసిపోయినట్టే కనిపించాడు. ఈ మాట ఆయన కూడా చాలా ఏళ్లుగా చెబుతున్నాడేమో.

నా వంతు వచ్చాక లేచి, నిమ్మకాయలు తీసుకుపోయి అధ్యక్షురాలి ముందు పెట్టాను. నెరిసిన పొట్టిజుట్టు ఆవిడ. బిత్తరపోయింది.

"ఇవి మా కోసమా?"

"మా ఊరి మర్యాద, మేడం."

పక్కన కూర్చున్న ఆఫీసరు ఆవిడ చెవిలో, బహుమతుల కింద రాసుకోవాలేమో అన్నాడు. మైకు తెరిచే ఉంది, అందరికీ వినబడింది. చివర కూర్చున్న రైతు సభ్యుడు పెద్దగా అన్నాడు, "అయ్యా, ప్రతి పెరట్లోనూ విరగకాసే ఈ కాలంలో నిమ్మకాయలు ఎవరు తీసుకుంటారండీ? మా ఆవిడ గేటు దగ్గర పెట్టెలో పోసి, ఫ్రీ అని బోర్డు పెట్టింది. అయినా ఎవరూ పట్టుకుపోవడం లేదు!"

హాలంతా నవ్వింది. మంచి మనసుతోనే నవ్వారు. నేనూ నవ్వాను. మా నాన్న వంగిన నడుము మాత్రం గుర్తొచ్చింది.

నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. మా ఊళ్లో ఒక వాగుందని, దాని మధ్య కూడా గీత ఉందని, ఆ గీతకు ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో చెప్పాను. కొందరు రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో తెలియదు. అప్పుడు ఇంజనీరు మర్యాదగా వివరించాడు. వంతెన విషయంలో సానుభూతి ఉంది, కాని ఒరిగిపోయిన దిమ్మ అవతలి కౌన్సిల్ హద్దులో ఉంది, దాన్ని ముట్టుకునే అధికారం తమకు లేదు.

"నా భార్య కూడా అవతలి హద్దులోనే ఉంది," అన్నాను. "మరి ఆమెకు అన్నం పెట్టే అధికారం నాకుందా, లేదా?"

నా టైము అయిపోయినట్టు బల్ల మీద చిన్న గంట మోగింది.

అధ్యక్షురాలు మెల్లగా చెప్పింది. అవతలివాళ్లతో చర్చిస్తామని, రాబోయే ప్లానులో పరిశీలనకు పెడతామని. నిమ్మకాయల్లోంచి ఒకటి తీసుకుని, టీలో పిండుకుంటానంది. మంచి మనిషి. మా తాలూకాలో కూడా అప్పుడప్పుడు మంచి తహసీల్దారు వచ్చేవాడు. మంచివాడు వస్తే మాకు ఇంకా విసుగు. చెడ్డవాణ్ణయితే తిట్టుకోవచ్చు.

కారులో అమ్మాయి అంది, "బాగా మాట్లాడావు నాన్నా."

"మాట్లాడ్డం మనవాళ్లకు ఎప్పుడూ బాగానే వస్తుంది. నువ్వు రోడ్డు చూడు. కళ్లు మూతలు పడుతున్నాయి."

ఇంటికి రాగానే హోమ్ నుంచి ఫోను. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె మన తెలుగు పిల్ల. వరంగల్ వైపుది. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక అక్కడే పనిలో చేరింది. హోమ్ పక్కనే ఫ్లాట్‌లో నలుగురు ఆడపిల్లలతో ఉంటుంది.

"అంకుల్, ఆంటీ ఇయ్యాల గూడ ఏం తినలే. నోరు గట్టిగ మూసుకున్నది."

"అంకుల్ అనకమ్మా. మీ తాతకంటే పెద్దవాణ్ణయి ఉంటాను."

"తాతా అంటే ఫీలైతరేమోనని. సరే తాతా. వీడియో కాల్ చేద్దామా? మిమ్మల్ని జూస్తే తింటదేమో."

చేసింది. ఫోనులో నన్ను చూసి నా భార్య ఫోను వెనక్కి తొంగి చూసింది. వెనక నేను లేను. మొహం తిప్పేసుకుంది.

అప్పుడు తోచింది. హోమ్ తోట నది దాకా ఉంటుంది. చివర ఒక బెంచీ.

"అమ్మా, రేపు ఎండొస్తే ఆమెను వీల్‌చెయిర్‌లో ఆ బెంచీ దాకా తీసుకురాగలవా? అన్నం గిన్నె కూడా పట్టుకురా. ఫ్రిజ్‌లో మొన్న మేం పెట్టిన పప్పు ఉంది కదా, అది."

"తీస్కొస్త గని, మీరు ఆడ, మేం ఈడ. ఏం జేస్తరు?"

"ముందు తీసుకురా."

మర్నాడు వంతెన పక్కన గులకరాళ్ల మీద నిలబడ్డాను. అవతల ఎర్రశాలువాలో చిన్నగా కనబడింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కూత వేశాను. ఎన్నేళ్లయిందో. గొంతు సగంలో చీలింది. అయినా చివర పైకి లేపాను. క్షేమం అని. పక్క పొలంలో కుక్క మొరిగింది. సైకిలు మీద పోతున్న ఒక కుర్రది ఆగి, సాయం కావాలా అని అడిగింది. వద్దమ్మా, మా ఆవిడతో మాట్లాడుతున్నానన్నాను.

అవతలి నుంచి ఏమీ రాలేదు. రెండోసారి వేశాను. అప్పుడు సన్నగా, పిట్టగొంతుతో, చివర పైకి లేచిన కూత నీళ్ల మీదుగా వచ్చింది. జేబులో ఫోను మోగింది.

"తాతా! నోరు తెరిసింది. పెడుతున్న, తింటున్నది. అగో, ఇంకోపారి అరువుండ్రి!"

అరిచాను. ముద్ద ముద్దకూ అరిచాను.

ఇప్పుడు ఇది మా పద్ధతి అయిపోయింది. గొప్ప పద్ధతేం కాదు. వానొస్తే ఆమెను బయటికి తీసుకురారు. గాలి ఎదురుగా ఉంటే కూత నాకే తిరిగొస్తుంది. ఆ పిల్లకు సెలవైన రోజున మిగతావాళ్లకు ఇదంతా చెప్పాలంటే మా అమ్మాయి ఫోను చేయాలి. రోజూ అరిచి అరిచి సాయంత్రానికి మాట రాదు. వల అక్కడే ఉంది. బోర్డు మీద తాత్కాలికం అనే ఉంది. కౌన్సిల్ నుంచి ఒక మనిషి వచ్చి దిమ్మను ఫోటో తీసుకుపోయాడు, ఇవతలి ఒడ్డు మీద నుంచే. డాక్టరు గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. నాకు అంతవరకు చాలు అనుకోవాలి. కాని చాలదు. ఒక మనిషి పెళ్లాన్ని చూసుకోవడానికి ముసలితనంలో నక్కలా ఊళ పెట్టాల్సిన ఊరు ఊరేనా?

మొన్న ఎండ బాగా కాసింది. నేను చేతులు ఎత్తకముందే అవతలి నుంచి కూత వచ్చింది. ఎప్పటికంటే గట్టిగా. చివర కిందికి దించి ఉంది.

ఆమెకు ఏమైంది? పక్కన ఆ పిల్ల ఉందా లేదా? చేతికర్ర వదిలేసి, వల పక్క నుంచి, రాళ్ల మీద పడుతూ లేస్తూ నీళ్ల అంచు దాకా దిగాను. చెప్పులు తడిశాయి. ఆయాసంతో మాట రాలేదు. ఫోను తీస్తే ఆ పిల్లే ముందు చేసింది.

"తాతా, ఏమైంది మీకు? గట్ల ఉరుకుతున్నరేంది? పడ్తరు!"

"ఆమెకేమైంది? ముందు అది చెప్పు."

"ఏం గాలే. మంచిగనే ఉన్నది." అటు తిరిగి చూసింది. "శాలువ నోట్ల వెట్టుకోని నవ్వుతున్నది."